పడిశం లేదని కాగితం

అసిరితల్లికి పడిశం లేదట, అందుకని ప్రభుత్వం ఆమెను పరుగెత్తొద్దందట. గెడ్డవలసలో ఈ మాట మొదట అన్నది గున్నమ్మ. గున్నమ్మకు పాలకేంద్రం దగ్గర ఎవరో చెప్పారట, వాళ్ళకు ఆటోలో పక్కన కూర్చున్నాయన చెప్పాడట. "పడిసెం ఉంటే పరిగెట్టొద్దనాల గాని, నేపోతే ఒద్దనడం ఏటమ్మా? ఇలగైతే రేపు దొంగతనం సెయ్యనేదని జైల్లో ఎడతారు" అని గున్నమ్మ కుళాయి దగ్గర నిండిన బిందె చంకనెత్తుకుని, బరువు కూడా మర్చిపోయి, చెప్పిందే మూడుసార్లు చెప్పిందట.

గున్నమ్మ మాటల్లో సగం వదిలేసి తక్కిన సగం నమ్మడం ఆ ఊళ్ళో అలవాటు. ఈసారి వదిలేయడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. ఒక్క చిన్న సవరణ. పడిశం లేనందుకు కాదు, పడిశం లేదని కాగితం లేనందుకు.

అసిరితల్లి జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. పిక్క పగలగొడితే జీడి చిమ్ముతుంది, ఆ జీడి చర్మానికి తగిలితే కాలిన మచ్చే. అందుకని జీడి పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముక్కు దురద పెట్టినా, కంట్లో నలక పడినా చెయ్యి మొహం దాకా రాదు. మోచేత్తో రుద్దుకుంటారు, లేదా భరిస్తారు. పని దిగాక ముందు బూడిద, తరవాత సబ్బు, గోళ్ళ సందుల దాకా తోముకున్నాకే ఎవర్నైనా ముట్టుకుంటారు. ఈ పద్ధతి నేర్చుకోనివాళ్ళ మొహాలు చూస్తే నేర్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

పనికి పోయేముందు, తెలతెలవారుతుండగా, ఆమె కాలవ గట్టు మీద పరుగెత్తుతుంది. పదో తరగతిలో మొదలుపెట్టిన పరుగు, పెళ్ళయినా ఆగలేదు, పిల్ల పుట్టాక ఆర్నెల్లు ఆగి మళ్ళీ మొదలైంది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి అభ్యంతరం చెప్పేది ఉంటే అత్త అప్పలనరసమ్మే చెప్పాలి. ఆవిడ పడుచుతనంలో కొండ మీంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని సంతకు పరుగు మీద దిగిన మనిషి. "మోపు నేకండా పరిగెట్టడం కూడా ఒక పరుగేనా" అని మాత్రం అంటుంది.

ఈ పరుగు మీద ఆ ఇంటికి ఒక ఆశ ఉంది. ఏటా పుష్యమాసంలో పట్నంలో శీతకాలపు పరుగుపందెం జరుగుతుంది, పది కిలోమీటర్లు. ఆడవాళ్ళలో మొదటి ముగ్గురికి హాస్టలు బడుల్లో ఆటల ఆయమ్మ ఉద్యోగం ఇస్తారు. ముప్పై ఏళ్ళు నిండకూడదు. కిందటేడు అసిరితల్లి నాలుగోదిగా వచ్చింది. వచ్చే మాఘానికి ఆమెకు ముప్పై నిండుతాయి. అంటే ఈ పుష్యమే ఆఖరు. ఈసారి తప్పితే జీడి బల్ల దగ్గరే ముసలిదవుతుంది.

అలాంటి పుష్యంలోనే కాగితం వచ్చిపడింది.

దానికి మూలం కిందటేటి తుమ్ము. పందెంలో మొదటొచ్చిన మగమనిషి ఎవరో, దండ వేయించుకోవడానికి మెడ వంచి, ముఖ్య అతిథి మొహం మీదే తుమ్మాడు. ముఖ్య అతిథి పదకొండు రోజులు మంచం పట్టారు. పన్నెండో రోజున లేచి ఒక విభాగాన్ని స్థాపించారు. దాని పేరు పరుగుదారుల శీతకాల ఆరోగ్య పరిరక్షణ విభాగం. ప్రత్యేకాధికారిగా చిదంబరరావుగారిని వేశారు. ఆయన అంతకుముందు తాటిబెల్లం అభివృద్ధి విభాగంలో ఉండేవారు. ఆయన అభివృద్ధి చేశాక జిల్లాలో తాటిబెల్లం దొరకడం మానేసింది, దాంతో తీరిక చిక్కింది. ఆయన పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు.

ఆయన మొదటి ఉత్తర్వు ఇలా ఉంది.

"ఇందుమూలముగా సమస్త పరుగుదారులకు తెలియజేయడమేమనగా, శీతకాలమున ప్రతిశ్యాయము, అనగా జలుబు, ప్రబలు అవకాశము మెండుగా ఉన్నందున, ప్రతి పరుగుదారుడు, సదరు పరుగుదారుడు స్త్రీ అయిననూ, తనకు ప్రతిశ్యాయము లేదని కార్యాలయమునకు స్వయముగా హాజరై నిరూపించుకొని ధ్రువపత్రము పొందవలెను. ధ్రువపత్రము మూడు దినములు మాత్రమే చెల్లును. ధ్రువపత్రము లేని ఆరోగ్యము చెల్లదు."

అసిరితల్లి మొదటి రోజే బయల్దేరింది. పట్నం తొమ్మిది కిలోమీటర్లు, పరుగు మీదే వెళ్ళింది. ఆఫీసును పాత ధాన్యం గిడ్డంగిలో పెట్టారు. చలిగాలి తగిలి పరుగుదారులకు పడిశం పట్టకూడదని కిటికీలన్నీ మేకులు కొట్టి మూసేశారు. లోపల నూట ఎనభై మంది ఒకరి వీపు మీద ఒకరు దగ్గుతూ వరసలో నిలబడి ఉన్నారు. వరస చివర బల్ల, బల్ల వెనక గుమాస్తా దాలినాయుడు, అతని నెత్తిన మంకీ టోపీ, చేతిలో అరచెయ్యంత అద్దం.

పరీక్ష ఆ అద్దంతోనే. ముక్కు దగ్గర పెట్టి ఊదమంటారు. అద్దం మసకబారితే ముక్కులో తడి ఉన్నట్టు, తడి ఉంటే పడిశం ఉన్నట్టు. పుష్యమాసం పొద్దున్న బతికున్న ఏ ప్రాణి ఊదినా అద్దం మసకబారుతుందన్న సంగతి వరసలో నిలబడ్డవాళ్ళు అయిదు నిమిషాల్లో కనిపెట్టారు. కాబట్టి అందరూ ఊదినట్టు బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టారు. బిగబట్టగలిగినవాళ్ళంతా ఆరోగ్యవంతులుగా తేలారు. బిగబట్టలేక తుమ్మినవాళ్ళు రోగులయ్యారు.

అసిరితల్లి వంతు వచ్చింది. ఆమె బుగ్గలు పొంగించలేదు. దాలినాయుడి చేతివైపు చూస్తోంది.

"ఆ గుడ్డ ఏటి బాబూ?"

"ఏ గుడ్డమ్మా?"

"అద్దం తుడుస్తన్న గుడ్డ. ఇప్పుడే మీ ముక్కు తుడుసుకున్నారు దాంతోని."

దాలినాయుడు గుడ్డ చూసుకున్నాడు. "ఇది నా సొంత రుమాలు. ఆఫీసు గుడ్డ ఇంకా శాంక్షన్ కాలేదు. నాలుగింటికొచ్చి కూర్చున్నానమ్మా ఇక్కడ, ముక్కు కారదా మరి?"

"కారతాది. ఓపాలి అద్దం సబ్బెట్టి కడిగీండి. ఊదీసి ఎలిపోతాను."

దాలినాయుడు మంచివాడు. కడగడానికి అతనికేం బాధ లేదు. ఉత్తర్వుల కట్ట తీసి వేలితో చదువుకుంటూ పోయాడు. "తుడవాలని ఉంది. కడగాలని లేదు. అద్దం ప్రభుత్వ ఆస్తి. కడిగితే వెనకాల పూత ఊడొస్తే ఎవరిది పూచీ?"

వెనకనుంచి ఎవరో అసిరితల్లి మెడ మీద దగ్గి, "నువ్వొక్కర్తివే సుబ్బరమా ఏటి? ఊదీసి పోయే తల్లీ, ఇక్కడ సలికి సస్తన్నాం" అన్నారు.

గొడవ విని చిదంబరరావుగారు లోపలి గదిలోంచి వచ్చారు. మెడకు రెండు మఫ్లర్లు. "ఏమిటీ జాప్యము?"

"అయ్యా, దరఖాస్తుదారు అద్దం కడగమంటోంది."

"కడగమనుట దేనికి? తన ముక్కుపై తనకు నమ్మకము లేదా?"

"నా ముక్కు మీద ఉందండి. మీ అద్దం మీదే నేదు" అంది అసిరితల్లి.

వరసంతా దగ్గడం ఆపింది. చిదంబరరావుగారు కాసేపు ఆమె ముక్కును, కాసేపు అద్దాన్ని చూసి, రెంటిలో ఏది ప్రభుత్వానిదో తేల్చుకుని, అక్కడికక్కడే చెప్పి రాయించారు. "సదరు దరఖాస్తుదారు పరీక్షకు సహకరించనందున, ఆమెయందు ప్రతిశ్యాయము గుప్తముగా దాగియున్నట్లు అనుమానించడమైనది. మరల పిలుపు వచ్చువరకు ఆమె కార్యాలయ పరిసరములకు గాని, ధ్రువీకృత పరుగుదారుల సమీపమునకు గాని రారాదు. బహిరంగముగా పరుగెత్తరాదు."

అసిరితల్లి తొమ్మిది కిలోమీటర్లూ నడిచి వచ్చింది. బహిరంగంగా పరుగెత్తొద్దన్నారు కదా.

ఇంటికి రాగానే అప్పలనరసమ్మ రాగి అంబలి చేతిలో పెట్టి సంగతంతా విన్నది.

"పడిసెం ఉందన్నారా నీకు?"

"ఉందంట అత్తా."

"ఏ మూల?"

"గుప్తంగా ఉందంట."

"ఉంటే ఉండనీ. గుప్తంగా ఉన్నంతసేపూ ముక్కు కారదుగదా." ముసలామె చెంబెడు నీళ్ళు తెచ్చింది. "ముందు సేతులు కడుక్కో. ఆపీసుకెళ్ళొచ్చినావు."

"పరిగెట్టొద్దన్నారత్తా."

"బయిరంగంగా ఒద్దన్నారు. కాలవ గట్టు బయిరంగం ఎలగవుద్ది? అటు జీడితోట, ఇటు నీళ్ళు. గట్టు మీద నువ్వు తప్పితే కొంగలే. ఆ పెద్దాయన రమ్మన్నా గట్టెక్కలేడు, జారి కాలవలో పడతాడు."

అలా రోజులు గడిచాయి. అసిరితల్లి రోజూ కోడి కూసిన కాసేపటికి గట్టెక్కేది. ఒళ్ళు వెచ్చబడేదాకా చెవులకు తుండు, వెచ్చబడ్డాక తుండు నడుముకు. వచ్చిన వెంటనే చెమట బట్టలు మార్చకపోతే అత్త అంబలి ఇచ్చేది కాదు. ఒకరోజు కాళ్ళు బరువుగా ఉన్నాయంటే "మానీ, పడుకో" అని గడియ పెట్టేసింది. చీకటి పడగానే పడక. గున్నమ్మ మాత్రం రోజూ గోడ మీంచి తొంగిచూసి, "బయిటికొచ్చిందేటి, లోపల్ది?" అని అడిగేది. లోపలున్నది బయటికి రాలేదు.

పందానికి పది రోజులుందనగా ఆమెకు దిగులు పట్టుకుంది. ఎంత పరుగెత్తితే ఏం, కాగితం లేకపోతే గీత దగ్గర నిలబడనివ్వరు.

"ఎల్లి ఊదీసి వొచ్చీనా అత్తా? పిక్కలు కొట్టి కొట్టి సేతులు సూడు ఎలగున్నాయో. ఒక్క ఊదుకి బతుకు మారిపోద్ది."

"ఊదితే కాయితం వొస్తాది. దాని ఎనకాల అదీ వొస్తాది" అంది అప్పలనరసమ్మ. "అప్పుడు కాయితం గుండెల మీద ఎట్టుకుని మంచం మీద పరిగెట్టు."

చివరికి అసిరితల్లి ఒక అర్జీ రాసి పంపింది. అద్దం కడిగిన రోజున కబురు చేస్తే వచ్చి ఊదుతానని. జవాబు వెంటనే వచ్చింది. "అద్దము కడుగుట విషయమై పై కార్యాలయమునకు వ్రాయడమైనది."

ఈలోగా పట్నంలో పరిరక్షణ జోరందుకుంది. మొదటి వారం తొమ్మిది మందికి పడిశం ఉన్నట్టు తేలింది. రెండో వారం నలభై ఆరుగురికి. చిదంబరరావుగారు ఈ అంకెలు చూసి సంతోషించారు. పరీక్షే లేకపోతే ఈ నలభై ఆరుగురి సంగతి లోకానికి తెలిసేదా అన్నారు. మూడు రోజులకొకసారి ఉన్న పరీక్షను రోజూ చేశారు. అంకె తొంభై దాటింది. రోజుకు రెండుసార్లు చేశారు. పొద్దునా సాయంత్రమూ అదే వరస, అదే అద్దం, అదే రుమాలు. గుడ్డ శాంక్షన్ మాత్రం ఇంకా రాలేదు.

ఆ తరవాత సంగతులు అసిరితల్లికి చిన్నమ్మడు ఫోన్‌లో చెప్పింది. చిన్నమ్మడు పక్క ఊరి పిల్ల, ఇరవై రెండేళ్ళది, కిందటేడు పందెంలో మూడోదిగా వచ్చింది. కానీ హాస్టల్ దూరమని అప్పుడు ఉద్యోగంలో చేరలేదు. అసిరితల్లిని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తుంది.

"అప్పా, బేబంతా బాగాడే ఉడ్డాం" అంది ఫోన్ ఎత్తగానే.

"ముక్కు సీదీసి మాటాడవే."

అవతల పెద్ద చప్పుడైంది. కాసేపటికి చిన్నమ్మడు మనిషి గొంతుతో వచ్చింది. "మమ్మల్నందర్నీ శిబిరంలో ఎట్టినారప్పా. కల్యాణ మండపం. బయిట గాలి సోకకుండా కిటికీలకి పేపర్లంటించినారు. ఒకే జంపఖానా మీద వంద మందిమి. కషాయం బాన ఉంది. గొలుసు కట్టిన గ్లాసు ఒకటి. అందరం దాంతోనే."

"పరిగెడతన్నారా మరి?"

"నేదప్పా. పరిగెడితే సెమట పడతాది, సెమటకి పడిసెం పడతాదని ఆపించీసినారు. కూకుని కళ్ళు మూసుకుని పరిగెడతన్నాం."

"కూకుని ఏటి?"

"మానసికంగా అంట. పెద్దాయన మైకులో సెప్తారు, ఇప్పుడు మలుపు, ఇప్పుడు మిట్ట, అని. మిట్ట అన్నప్పుడు ఆయాసపడాల. పడకపోతే పేరు రాసుకుంటారు." చిన్నమ్మడు తుమ్మింది. "నిన్న ఒకడు మలుపు కాడ నిద్దరపోనాడు."

ఆ మర్నాడు మండపం గోడల మీద విభాగం నినాదం రాయించారు. పరుగెత్తని పరుగుదారుడే పరిపూర్ణ ఆరోగ్యవంతుడు. పక్కనే మూడో ఉత్తర్వు కూడా అంటించారు. "ప్రతిశ్యాయగ్రస్తులైన పరుగుదారులు పందెము నాడు ఆసీనులై మానసికముగా పాల్గొనవచ్చును. గమ్యము చేరిన వెంటనే చెయ్యి ఎత్తవలెను."

పందెం పొద్దుటికి ఈ ఉత్తర్వు ఎంత అవసరమో తేలింది. గీత దగ్గర నిలబడడానికి అర్హులైన ధ్రువీకృత పరుగుదారులు ఎందరని చిదంబరరావుగారు అడిగితే, దాలినాయుడు జాబితా చివరిదాకా చదివి, తుమ్మి, "ఎవరూ లేరండి" అన్నాడు. ముఖ్య అతిథి తొమ్మిదింటికి వస్తున్నారు. జెండా ఊపితే కదలడానికి కనీసం ఒక మనిషి కావాలి. ఫైళ్ళ కట్టలన్నీ తిరగేస్తే అడుగున ఒక పాత ఫైలు దొరికింది. గుప్త ప్రతిశ్యాయము, గెడ్డవలస.

దాలినాయుడు జీపులో ఊళ్ళోకి దిగేసరికి ఆరున్నర. ఎదురుగా గున్నమ్మ.

"గుప్తం పడిసెం పిల్లా? గట్టు మీదుంది. బయిటికొచ్చిందేటి బాబూ?" అని ఆశగా అడిగింది.

పిలుపు లేకపోయినా అసిరితల్లి ఆ రోజూ గట్టెక్కింది. అలవాటు. మంచులో ఆమె వెళ్ళిపోతుంటే దాలినాయుడు ఫైలు చంకలో పెట్టుకుని కేకేశాడు. "ఆగమ్మా, ప్రభుత్వ కాగితం."

"సెమట మీద ఆగితే సలి పట్టీస్తాది బాబూ. పరిగెడతా సెప్పండి."

దాలినాయుడు పరుగెత్తాడు. గవర్నమెంటు ఉద్యోగంలో చేరాక అదే అతని మొదటి పరుగు. రొప్పుతూ చదివాడు. "గుప్తముగా ఉన్నదని అనుమానించబడిన ప్రతిశ్యాయము... ఇరవై నాలుగు దినములు గడిచిననూ గుప్తముగానే ఉన్నందున... సదరు ప్రతిశ్యాయము తన గుప్తత్వమును నిలుపుకొన్నంతకాలము... లేనట్లుగానే పరిగణించడమైనది."

"అంటే ఏటి?"

"పందానికి రమ్మని." ఇంకో పాతిక అడుగులు వేసి అతను ఆశ్చర్యంగా మంకీ టోపీ తీసేశాడు. "అమ్మా, నాకు ముక్కు తెరుచుకుందమ్మా. నెలైంది ఊపిరాడి."

"అద్దం కడిగినారేటి?"

"నిన్న సాయంత్రమే పై ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. ఏ సబ్బుతో కడగాలో తేల్చడానికి కమిటీ వేశారు."

జీపులో అప్పలనరసమ్మ కూడా ఎక్కి కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, దిగమనే ధైర్యమూ ఎవరికీ లేదు. దారిలో కోడలి చెవిలో ఒకటే మాట. "కాయితం సేతికొచ్చీదాకా నోరిప్పకు. నీ కాళ్ళకీ నోటికీ ఒకటే జోరు. కాళ్ళు వొదిలీ, నోరు కట్టీ."

కాలేజీ మైదానంలో ఒకవైపు వేదిక. దాని చుట్టూ పది అడుగుల దూరంలో తాడు కట్టారు. తాడు లోపల ముఖ్య అతిథి, ముక్కుకూ నోటికీ అడ్డంగా గుడ్డ. మరోవైపు షామియానా కింద నూట ఎనభై మంది, శాలువాలు కప్పుకుని, కళ్ళు మూసుకుని. మధ్యలో సున్నపు గీత, గీత మీద అసిరితల్లి ఒక్కతే.

జెండా ఊపారు. అసిరితల్లి కదిలింది. షామియానా కింద అందరూ ఆయాసపడడం మొదలుపెట్టారు.

మైదానం చుట్టూ పాతికసార్లు తిరగాలి. ఆమె రెండో చుట్టులో ఉండగానే షామియానా కింద ఒకాయన చెయ్యెత్తాడు. "అయిపోనాదండి." పది కిలోమీటర్లు మూడు నిమిషాల నలభై సెకన్లు. చిదంబరరావుగారు చప్పట్లు కొట్టించి రాసుకున్నారు. నాలుగో చుట్టులో ఇద్దరు ఆడవాళ్ళు చేతులెత్తారు. ఆరో చుట్టులో చిన్నమ్మడు చెయ్యెత్తింది. ఆడవాళ్ళలో మొదటి మూడు స్థానాలూ నిండిపోయాయని మైకులో చెప్పారు.

అసిరితల్లికి ఆ మాట వినిపించింది. తాడు దగ్గర నిలబడ్డ అత్త చెయ్యి గాల్లో తిప్పింది, తిరుగు, తిరుగు అని. మోపు నెత్తిన ఉంటే మధ్యలో దించరు. ఇంకా పంతొమ్మిది చుట్లు. ఆమె తిరిగింది. పన్నెండో చుట్టుకు ముఖ్య అతిథి కుర్చీలో ముందుకు వంగారు. ఇరవయ్యో చుట్టుకు లేచి నిలబడ్డారు. షామియానా కింద కళ్ళు మూసుకున్నవాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే కళ్ళు తెరిచి చూడసాగారు. పేరు రాసుకోవాల్సిన దాలినాయుడు కూడా ఆమెనే చూస్తున్నాడు. పాతికో చుట్టు అయ్యాక ఆమె గీత దాటి, మోచేత్తో మొహం తుడుచుకుని, నడుముకున్న తుండు చెవులకు కట్టుకుంది. నాలుగో స్థానం, కిందటేడు లాగే.

"విజేతలు వేదికపైకి రావలసినదిగా కోరడమైనది" అన్నారు చిదంబరరావుగారు.

చిన్నమ్మడు శాలువాతో లేచి తాడుదాకా వచ్చింది. అక్కడ ఆగి, తల వెనక్కి వాల్చి, గట్టిగా తుమ్మింది. ముఖ్య అతిథి చెయ్యి అడ్డం పెట్టారు. "అక్కడే. అక్కడే ఉండమ్మా." రెండో ఆమె దగ్గింది. మూడో ఆమె రెండూ చేసింది.

"వీళ్ళు తప్ప తుమ్మనివాళ్ళు ఎవరూ లేరా?" అన్నారు ముఖ్య అతిథి.

"ఒక్కరున్నారండి. కానీ నాలుగో స్థానము. పై ముగ్గురూ ముందే గమ్యము చేరిరి."

తాడు దగ్గరనుంచి చిన్నమ్మడు అంది, "నాను సేరనేదండి. ముక్కు తుడుసుకోడానికి గుడ్డ కావాలని సెయ్యెత్తినాను. రాసీసుకున్నారు." అసిరితల్లి వైపు తిరిగి, "నాకింకా ఎనిమిదేళ్ళుందప్పా, నా సోటు నువ్వు తీసీసుకో" అంది.

ఇలాంటి సమయాల్లోనే అధికారి విలువ తెలుస్తుంది. చిదంబరరావుగారు అర నిమిషం కళ్ళు మూసుకుని, తెరిచి, ప్రకటించారు. "మానసికముగా విజయము సాధించిన ముగ్గురికిని పతకములు, ఉద్యోగములు మానసికముగా ప్రదానము చేయడమైనది. భౌతికముగా విజయము సాధించినవారు భౌతికముగా వేదికపైకి రావచ్చును." షామియానా కింద చప్పట్లు మోగాయి, దగ్గుతో కలిసి.

అసిరితల్లి మెట్లెక్కింది. ముఖ్య అతిథి భయంభయంగా దండ వేశారు. ఆమె తుమ్మలేదు. ఆయన మొహం మీది గుడ్డ కిందకి దించి, గట్టిగా గాలి పీల్చుకున్నారు. దాలినాయుడు నియామక పత్రం అందించాడు, ముఖ్య అతిథి ఆమె చేతిలో పెట్టారు. పాలకొండ దారిలోని ఆడపిల్లల హాస్టల్, ఆటల ఆయమ్మ. ఆమె ఆ కాగితాన్ని ఒకసారి పైనుంచి కిందిదాకా చదివింది. సంతకం ఉందా, ముద్ర ఉందా అని చూసింది. నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

చిదంబరరావుగారు మైకు తీసుకున్నారు. "ఇంతటి చలికాలమున, జిల్లా అంతయూ ప్రతిశ్యాయముతో అల్లాడుచుండగా, ఈమె ముక్కు పొడిగా నిలిచినదన్నచో, అది మన విభాగము చేపట్టిన పరిరక్షణా చర్యల ఫలితమని సవినయముగా మనవి చేయుచున్నాను." మైకును ముఖ్య అతిథికి ఇచ్చారు.

ముఖ్య అతిథి చాలా సంతోషంగా ఉన్నారు. ఈ ఏడు మంచం పట్టే పని తప్పింది. "చెప్పమ్మా, పదిమందికీ పనికొస్తుంది. చలికాలంలో రోజూ పరుగెత్తావు, ఒక్క తుమ్ము లేదు. పడిశం పట్టకుండా ఏం జాగ్రత్త తీసుకున్నావు? ఏం మానేశావు? పెరుగు మానేశావా, చన్నీళ్ళు మానేశావా?"

మైకు ఆమె నోటి దగ్గరికి వచ్చింది. అసిరితల్లి అత్తవైపు చూసింది. తాడు అవతల అప్పలనరసమ్మ కోడలి రవికెలో కాగితం ఉందని మరోసారి చూసుకుని, తల ఊపింది.

"మీ ఆపీసుకి రాడం మానీసినానండి."